ఖమ్మం నుంచి డాలస్‌కు అసలు ఎన్ని గంటలు?

ప్రశ్న: నాకు 61 ఏళ్ళు, మావారికి 66. ఖమ్మంలో ఉంటాం. మా అమ్మాయి డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటుంది. నవంబరులో కాన్పు. సెప్టెంబరు చివరి వారంలో వెళ్ళి ఫిబ్రవరిలో తిరిగి రావాలనుకుంటున్నాం. వీసాలు వచ్చాయి. విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. మావారికి మోకాళ్ళ నొప్పులు, షుగర్‌కు ఇన్సులిన్ తీసుకుంటారు. అల్లుడు మూడు టికెట్లు వాట్సాప్‌లో పంపి ఏది కావాలో చెప్పమన్నాడు. ఒకటి దోహా మీదుగా, తెల్లవారుజామున 4కు హైదరాబాద్‌లో బయలుదేరితే అదే రోజు సాయంత్రం 4కు డాలస్. రెండోది లండన్ మీదుగా, పొద్దున 7:30కు బయలుదేరితే అదే రోజు రాత్రి 9:45కు డాలస్. మూడోదానికి దుబాయ్‌లో ఒకసారి, న్యూయార్క్‌లో ఒకసారి మారాలి. రాత్రి 9:30కు బయలుదేరితే మర్నాడు రాత్రి 8కి డాలస్. ఇద్దరికీ కలిపి 40 వేలు తక్కువ. ఫోన్‌లో చూస్తే హైదరాబాద్ నుంచి డాలస్‌కు 14,400 కిలోమీటర్లని ఉంది. విమానం గంటకు 900 వెళ్తుందంటారు, అంటే 16 గంటలు. టికెట్ చూస్తే 12 గంటలే. ఎదురింటివాళ్ళేమో రెండు రోజులంటున్నారు. ఏది నిజం? ఉత్తరధ్రువం మీదుగా తీసుకెళ్తారని కూడా ఎవరో చెప్పారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏ టికెట్ తీసుకోమంటారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, మీకు ఎవరూ అబద్ధం చెప్పలేదు. 12, 16, రెండు రోజులు – మూడూ ఎక్కడో అక్కడ ఉన్న లెక్కలే. కాకపోతే మీ ప్రయాణం వీటిలో ఏదీ కాదు. మీరు గాలిలోనూ విమానాశ్రయంలోనూ గడపబోయేది మొదటి టికెట్‌లో 22న్నర గంటలు, రెండోదానిలో 24 గంటల 45 నిమిషాలు, మూడోదానిలో 33 గంటలు. ఈ అంకెలు ఎలా వచ్చాయో మీరే వేసి చూసుకోగలిగితే సగం టెన్షన్ తగ్గుతుంది. అందుకే ముందు ఆ లెక్క చెబుతాను.

టికెట్ మీద ఏ ఊరి పేరు పక్కన ఏ టైము వేస్తే అది ఆ ఊరి టైము. హైదరాబాద్ పక్కన ఉన్న తెల్లవారుజాము 4 మన గడియారం. డాలస్ పక్కన ఉన్న సాయంత్రం 4 వాళ్ళ గడియారం. సెప్టెంబరులో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది. కాబట్టి డాలస్ టైముకు పదిన్నర గంటలు కలిపితే ఆ క్షణానికి ఖమ్మంలో ఎంతయిందో తెలుస్తుంది. డాలస్‌లో సాయంత్రం 4 అంటే మన దగ్గర అర్ధరాత్రి దాటాక రెండున్నర. తెల్లవారుజామున 4కు బయలుదేరిన మనిషి మర్నాటి అర్ధరాత్రి రెండున్నరకు దిగితే 22న్నర గంటలు. అదే పద్ధతిలో లండన్ టికెట్ చూడండి. డాలస్‌లో రాత్రి 9:45 అంటే మనకు మర్నాడు ఉదయం 8:15. ముందురోజు 7:30 నుంచి లెక్కేస్తే 24 గంటల 45 నిమిషాలు. మూడో టికెట్ పైకి 22న్నర గంటల్లా కనిపిస్తుంది కానీ, డాలస్‌లో మర్నాడు రాత్రి 8 అంటే మన దగ్గర మూడోరోజు పొద్దున 6:30. మొత్తం 33. తక్కువ ధరలో ఉన్న టికెట్ల విషయంలో చాలామంది పొరపడేది ఇక్కడే. గడియారాలు రెండని మరిచిపోయి తేడా చూస్తారు.

ఇక 14,400 కిలోమీటర్ల సంగతి. ఆ దూరం సరైనదే. అయితే అది భూగోళం మీద హైదరాబాద్‌కూ డాలస్‌కూ మధ్య దారం బిగించి లాగితే వచ్చే దూరం. మీ వీధిలో ఏ స్కూలు పిల్లల దగ్గరైనా గ్లోబు ఉంటే తెప్పించుకుని నిజంగానే దారం పెట్టి చూడండి. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. డాలస్ 97 డిగ్రీల పడమర మీద. రెండూ కలిపితే 175. సగం భూమి చుట్టుకొలత 180 డిగ్రీలు కాబట్టి డాలస్ దాదాపు మనకు సరిగ్గా అవతలి వైపున ఉన్నట్టే. అలాంటి రెండు ఊళ్ళ మధ్య దారం బిగిస్తే అది తూర్పుకూ పోదు, పడమరకూ పోదు, నేరుగా ఉత్తరానికి పోతుంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా హిమాలయాలు దాటి, చైనా పడమటి అంచు, కజకిస్తాన్, సైబీరియా, మంచుతో కప్పిన ఆర్కిటిక్ మహాసముద్రం, అక్కడ ధ్రువానికి 500 కిలోమీటర్ల దగ్గరగా వెళ్ళి, కెనడా మీదుగా అమెరికాలోకి దిగుతుంది. గోడకు తగిలించే పటంలో ఇది కనిపించదు. ఆ పటం గుండ్రటి భూమిని చాపలా పరిచి చూపిస్తుంది కాబట్టి అట్లాంటిక్ మీద అడ్డంగా గీసిన గీతే దగ్గర దారి అనిపిస్తుంది.

ఉత్తరధ్రువం మాట మీకు చెప్పినవారు దీన్ని దృష్టిలో పెట్టుకునే చెప్పి ఉంటారు. ధ్రువప్రాంతం మీదుగా ప్రయాణికుల విమానాలు తిరగడం ఇరవై ఏళ్ళకు పైగా మామూలైపోయింది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు నేరుగా నడిపిన మొదటి విమానం ధ్రువం మీదుగానే వచ్చింది. దాన్ని నడిపినవాళ్ళంతా మహిళలే, కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో. కానీ మీ టికెట్లు మూడూ ధ్రువం దాకా వెళ్ళవు. దోహా నుంచి డాలస్‌కు దగ్గర దారి ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్‌ల చుట్టుపక్కల నుంచి పోతుంది. లండన్ నుంచి వెళ్ళేది ఇంకా కింద, గ్రీన్‌లాండ్‌కు దక్షిణంగా అట్లాంటిక్ దాటుతుంది. గాలిని బట్టి ఏ రోజు దారి ఆ రోజు కాస్త అటూ ఇటూ మారుస్తారు. సీటు ముందున్న తెరమీద విమానం వంపు తిరిగి పోతున్నట్టు కనబడితే భయపడకండి, అదే తిన్నని దారి.

దూరాన్ని 900తో భాగిస్తే సమయం రాదా అంటే, రాదు. 900 అనేది పైకి వెళ్ళి నిలకడగా ఎగిరేటప్పటి వేగం. గేటు దగ్గర కదిలినప్పటి నుంచి రన్‌వే చేరడం, పైకెక్కడం, చివర్లో వేగం తగ్గించుకుంటూ దిగడం, దిగాక మళ్ళీ గేటుకు చేరడం, ఇవన్నీ టికెట్ మీది సమయంలో ఉంటాయి. ఎదురుగాలి ఉంటే ఇంకో గంటా గంటన్నర. వీటన్నిటికంటే పెద్ద కారణం, ఆ దారి మీద నేరుగా వెళ్ళే విమానమే లేకపోవడం. అంత దూరం ఆగకుండా ఎగరగల విమానాలు లేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్లకు పైగా ఉంది, అక్కడ 18 గంటలు దాటి ఒకేసారి ఎగిరే విమానం రోజూ నడుస్తోంది. అయితే అంత దూరానికి కావలసిన ఇంధనం మోయడానికే విమానం బలమంతా సరిపోతుంది. ఆ ఖర్చు రావాలంటే ఖరీదైన సీట్లు ప్రతిరోజూ నిండాలి. మధ్యలో ఏ దేశం ఎవరిని తన ఆకాశంలోకి రానిస్తుందన్నది మరో చిక్కు. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా తన గగనతలాన్ని యూరప్, బ్రిటన్, అమెరికా, కెనడా సంస్థలకు మూసేసింది. 2021 జనవరిలోనే ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి చికాగోకు వారానికి ఒకసారి నేరుగా విమానం మొదలుపెట్టింది, అది నిలవలేదు. ఇంతమంది తెలుగువాళ్ళు రాకపోకలు సాగించే దారి కదా, డాలస్‌కు ఏదో ఒకనాడు నేరుగా విమానం రావాలని నేనూ గట్టిగా కోరుకుంటున్నాను. మీ అమ్మాయి కాన్పు దానికోసం ఆగదు కాబట్టి ఉన్నవాటిలోనే చూద్దాం.

ఇప్పుడు మీకు అసలు పనికొచ్చే లెక్క. హైదరాబాద్ నుంచి దోహాకు సుమారు 2,900 కిలోమీటర్లు, దోహా నుంచి డాలస్‌కు 12,750. కలిపితే 15,650. లండన్ మీదుగా అయితే 7,750, తర్వాత 7,630, మొత్తం 15,380. దుబాయ్, న్యూయార్క్ దారిలో 2,550, 11,000, 2,240, మొత్తం 15,800 చుట్టుపక్కల. మూడు దారుల మధ్య తేడా 500 కిలోమీటర్లు కూడా లేదు. విమానానికి అది అరగంట పని. మరి ఒక టికెట్ 22న్నర, ఇంకోటి 33 ఎందుకైంది? ఖమ్మం నుంచి హైదరాబాద్ వెళ్ళే బస్సులు రెండూ సూర్యాపేట మీదుగానే వెళ్తాయి కానీ, ఒకటి పది నిమిషాలాగి కదులుతుంది, ఇంకోటి స్టాండులో గంట నిలబెడుతుంది. ఇక్కడా అంతే. మీరు ఎంచుకోవాల్సింది దూరాన్ని కాదు. ఆ దూరాన్ని ఎక్కడ విరుస్తున్నారు, విరిచినచోట ఎంతసేపు ఆపుతున్నారు అన్నదాన్ని.

అది దృష్టిలో పెట్టుకుని చూస్తే మూడో టికెట్‌ను నేను వద్దంటాను. గంటలు ఎక్కువన్న ఒక్క కారణంతోనే కాదు. అమెరికాలో మొదట ఏ ఊళ్ళో దిగితే అక్కడే ఇమిగ్రేషన్ జరుగుతుంది, పెట్టెలు కూడా అక్కడే తీసుకుని కస్టమ్స్ దాటి మళ్ళీ అప్పగించాలి. అంటే దుబాయ్ నుంచి 14 గంటలు కూర్చుని వచ్చాక, న్యూయార్క్‌లో పెద్ద క్యూ, పెట్టెలు లాగడం, బహుశా టెర్మినల్ మారడం, మళ్ళీ సెక్యూరిటీ, ఆ తర్వాత ఇంకో విమానం. భాష అలవాటున్న పాతికేళ్ళ కుర్రవాళ్ళే అక్కడ కంగారు పడతారు. మోకాళ్ళ నొప్పులున్న మనిషితో మొదటి ప్రయాణంలో ఆ 40 వేలు మిగుల్చుకోవద్దు. మీ అల్లుడు గారితో ఈ మాట మొహమాటం లేకుండా చెప్పండి. దోహా, లండన్ టికెట్లలో ఈ బెడద లేదు. ఇమిగ్రేషన్, పెట్టెలు అన్నీ చివరాఖరున డాలస్‌లోనే, తలుపు అవతల మీ అమ్మాయి నిలబడి ఉండగా.

మిగిలిన రెండిటిలో దోహా టికెట్ తొందరగా చేరుస్తుంది. కానీ దాని 22న్నర గంటలు ఎలా విరిగాయో చూడండి: 4 గంటల 15 నిమిషాలు ఒక విమానం, దోహాలో 2 గంటల 5 నిమిషాలు, తర్వాత ఒకేసారి 16 గంటల 10 నిమిషాలు. లండన్ టికెట్‌లో పదిన్నర గంటలు, మధ్యలో 4 గంటల విరామం, మళ్ళీ పదీ పావు గంటలు. నా ఓటు లండన్‌కు. రెండు గంటలు ఎక్కువైనా సరే. మోకాళ్ళు నొప్పిగా ఉన్న మనిషికి పదహారు గంటలు ఇరుకు సీటులో కాళ్ళు ముడుచుకుని కూర్చోవడం, సగం దారిలో నాలుగు గంటలు కాళ్ళు చాపుకుని, నడిచి, ముఖం కడుక్కుని, వేడిగా ఏదైనా తాగి మళ్ళీ ఎక్కడం, ఈ రెండూ ఒకటి కావు. కాళ్ళలో రక్తం గడ్డకట్టే సమస్య కూడా ఉంది. నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చుని ప్రయాణిస్తే ఆ ముప్పు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించిన అధ్యయనం తేల్చింది. భయపడకండి, రెట్టింపయినా ఆరోగ్యంగా ఉన్నవారిలో అది సుమారు 6 వేల మందిలో ఒకరికి. అయినా గంటకో రెండు గంటలకో ఒకసారి లేచి విమానం వెనక సిబ్బంది భోజనాలు సర్దే చోటు దాకా నడిచి రావడం, కూర్చున్నచోటే మడమలు ఎత్తి దించడం, నీళ్ళు తాగడం మీవారితో మీరు దగ్గరుండి చేయించాలి. మాటిమాటికీ బాత్రూముకు వెళ్ళాల్సి వస్తుందని మన పెద్దవాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు, అది చేయనివ్వకండి. నడవా పక్క సీట్లు ముందే అడగమనండి.

లండన్ టికెట్‌కు ఇంకో లాభం కూడా ఉంది. డాలస్‌లో రాత్రి 9:45కు దిగుతారు. ఇంటికి వెళ్ళి భోంచేసి పడుకుంటే ఆ ఊరి రాత్రితో పాటే నిద్రలో పడతారు. సాయంత్రం 4కు దిగితే ఆరింటికే కళ్ళు మూతలు పడి, రాత్రి ఒంటిగంటకు మెలకువ వచ్చి కూర్చునే అవకాశం ఎక్కువ. ఎలా వెళ్ళినా మొదటి వారం పది రోజులు నిద్ర తారుమారవుతుందనుకోండి. పగలు ఎండలో కాసేపు తిరిగితే తొందరగా సర్దుకుంటుంది. కాన్పుకు ఐదారు వారాల ముందే వెళ్తున్నారు, అది మంచి నిర్ణయం. మీ నిద్ర సర్దుకున్నాకే పసిపిల్ల నిద్ర మీ మీద పడుతుంది.

అయితే లండన్ టికెట్ కొనేముందు అల్లుడు గారిని నాలుగు విషయాలు చూడమనండి. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద, ఒకే బుకింగ్ నంబరుతో ఉండాలి. అలా ఉంటే పెట్టెలు శంషాబాద్‌లో ఇచ్చినవి డాలస్‌లోనే కనబడతాయి, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఇంకోదాన్లో ఎక్కించే బాధ్యత విమాన సంస్థదే. విడివిడిగా కొంటే ఆ బాధ్యత ఎవరికీ ఉండదు. రెండోది, లండన్ విమానాశ్రయం హీత్రూలో దిగే టెర్మినల్, ఎక్కే టెర్మినల్ ఒకటేనా అన్నది. వేరైతే లోపలి బస్సెక్కి వెళ్ళాలి, నాలుగు గంటల్లో అది పెద్ద కష్టం కాదు కానీ ముందే తెలిసి ఉండాలి. మూడోది వీసా. చెల్లుబాటయ్యే అమెరికా వీసాతో అమెరికాకే వెళ్తూ, లండన్‌లో విమానాశ్రయం దాటి బయటికి పోకుండా విమానం మారే భారతీయులకు విడిగా ట్రాన్సిట్ వీసా అడగరు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి డబ్బు కట్టే రోజున బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకోమనండి. నాలుగోది, లండన్‌లో మళ్ళీ సెక్యూరిటీ చెక్ ఉంటుంది. చేతిసంచిలో ఆవకాయ సీసా పెట్టుకోవద్దు. ఊరగాయలన్నీ గట్టిగా ప్యాక్ చేసి పెద్ద పెట్టెలోకి. దారిలో తినడానికి చపాతీలో పులిహోరో చేతిసంచిలో పెట్టుకోవచ్చు, డాలస్‌లో దిగేలోపు అవి అయిపోవాలి.

ఒకవేళ లండన్ టికెట్ అయిపోతే దోహాదే తీసుకోండి. అదీ మంచి టికెట్టే. అక్కడి సిబ్బందిలో హిందీ మాట్లాడేవాళ్ళు, మలయాళీలు, మనవాళ్ళు కూడా చాలామంది ఉంటారు, మీకు ధైర్యంగా ఉంటుంది. నా భయమల్లా ఆ 2 గంటల 5 నిమిషాల గురించే. హైదరాబాద్‌లో ఒక గంట ఆలస్యమైతే మిగిలేది గంట. విమానం తలుపులు బయలుదేరే టైముకు ముందే మూసేస్తారు. అది తప్పితే డాలస్‌కు తర్వాతి విమానం మర్నాడే కావచ్చు. అదే దారిలో మూడు నాలుగు గంటల విరామం దొరికే టికెట్ ఉందేమో చూడమనండి.

మీవారికి వీల్‌చెయిర్ తప్పకుండా అడగండి. టికెట్ కొనేటప్పుడే అడిగితే నమోదు చేస్తారు, దానికి డబ్బు కట్టక్కర్లేదు. "నడవగలను కదా, నలుగురూ చూస్తే ఏమనుకుంటారు" అని ఆయన అనొచ్చు. హీత్రూలో గేటు నుంచి గేటుకు నడక అరగంట కూడా పడుతుంది, మధ్యలో మెట్లూ క్యూలూ. మోకాళ్ళ నొప్పులకు వీల్‌చెయిర్ తీసుకోవడంలో నామోషీ ఏమీ లేదు, ఆ సదుపాయం పెట్టిందే అలాంటివారి కోసం. వీల్‌చెయిర్ తోసే మనిషి వెంట మీరూ నడవండి, మీవారి చెయ్యి వదలకండి. దారి వెతుక్కునే బాధ కూడా దాంతో తీరుతుంది. విమానం తలుపు దగ్గర కుర్చీ రాకపోతే తొందరపడి నడవకుండా అక్కడే ఆగి సిబ్బందికి చెప్పాలి. ఇంగ్లీషు రాదని దిగులొద్దు. పాస్‌పోర్టు, బోర్డింగ్ పాస్ చూపిస్తే చాలా చోట్ల మాటే అవసరం ఉండదు. డాలస్‌లో ఇమిగ్రేషన్ ఆఫీసరు ఏమైనా అడిగి అర్థం కాకపోతే "తెలుగు" అని చెప్పండి, తెలియని ప్రశ్నకు ఊరికే తల ఊపవద్దు. ఎవరిని చూడడానికి వచ్చారు, ఎక్కడ ఉంటారు, ఎప్పుడు తిరిగి వెళ్తారు అన్నవి అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అమ్మాయి అడ్రసు, ఫోన్ నంబరు కాగితం మీద రాసి ఇద్దరి దగ్గరా చెరొకటి ఉంచుకోండి. ఫోన్ చార్జింగ్ అయిపోయినా కాగితం ఉంటుంది.

ఇన్సులిన్ విషయంలో మాత్రం చాలా శ్రద్ధగా ఉండాలి. పడమరగా వెళ్ళే రోజున క్యాలెండరులో తేదీ ఒకటే అయినా ఆ రోజు 34న్నర గంటలు సాగుతుంది. "రాత్రి భోజనానికి ముందు" వేసుకునే డోసు ఏ రాత్రి వేసుకోవాలి? ఖమ్మం రాత్రా, డాలస్ రాత్రా? ఇది మీరో నేనో తేల్చేది కాదు. బయలుదేరడానికి కనీసం రెండు వారాల ముందు మీ డాక్టరు గారి దగ్గరికి టికెట్ ప్రింటు తీసుకెళ్ళండి. మన టైము ప్రకారం ఎన్నింటికి బయలుదేరేది, ఎన్నింటికి దిగేది, మొత్తం ఎన్ని గంటలు అన్నది పైన చెప్పిన లెక్కతో రాసి చూపించండి. డోసులు ఎప్పుడెప్పుడు, ఎంతెంత అన్నది ఆయన చేతే అదే కాగితం మీద రాయించుకోండి. ఇంటి నుంచి బయలుదేరాక డాలస్ చేరేదాకా మీ చేతి గడియారాన్ని మార్చకండి. అది ఖమ్మం టైములోనే ఉండాలి. కిటికీ బయట ఎండో చీకటో చూసి మందు వేసుకుంటే గందరగోళమే. ఫోన్ తనంతట తాను టైము మార్చేసుకుంటుంది కాబట్టి మందుల కోసం ఫోన్‌ను నమ్మొద్దు. ఇన్సులిన్, సూదులు, మీటరు, మాత్రలు అన్నీ ప్రిస్క్రిప్షన్‌తో సహా చేతిసంచిలోనే పెట్టుకోవాలి. పెద్ద పెట్టెలో పెడితే కింద సామాన్ల అరలో చలికి ఇన్సులిన్ గడ్డకట్టి పాడవచ్చు, పెట్టె ఆలస్యమైతే మందే ఉండదు. షుగర్ బాగా పడిపోతే వెంటనే తినడానికి గ్లూకోజ్ బిళ్ళలు, నాలుగు బిస్కట్లు జేబులో ఉంచండి. భోజనం తెచ్చేటప్పుడు విమానం కుదుపులకు లోనైతే వడ్డన ఆపేస్తారు. అందుకని ట్రే ముందుకు వచ్చేదాకా భోజనానికి ముందు వేసే డోసు వేయవద్దు.

ఇంటి నుంచి ఇంటికి మొత్తం ఎంతవుతుందో కూడా చెప్పేస్తాను. ఖమ్మం నుంచి శంషాబాద్‌కు కారులో ఐదు గంటలు వేసుకోండి, దారిలో ఒకసారి ఆగడంతో కలిపి. విమానం టైముకు నాలుగు గంటల ముందు అక్కడ ఉండాలి. తర్వాత ఆ 24 గంటల 45 నిమిషాలు. డాలస్‌లో ఇమిగ్రేషన్, పెట్టెలకు గంట నుంచి రెండు గంటలు, అక్కడి నుంచి ఫ్రిస్కోకు ముప్పావు గంట. అంటే దాదాపు 36 గంటలు. 7:30 విమానానికి అర్ధరాత్రంతా కారులో కూర్చోవడం కంటే, ముందురోజు మధ్యాహ్నమే హైదరాబాద్ చేరి బంధువుల ఇంట్లోనో శంషాబాద్ దగ్గర గదిలోనో కాసేపు నడుం వాల్చి వెళ్ళండి. నిద్రలేమితో మొదలైన ప్రయాణంలో చిన్న చిన్న ఇబ్బందులు కూడా పెద్దవిగా అనిపిస్తాయి.

ఎదురింటివాళ్ళు చెప్పిన రెండు రోజుల మాట తిరుగు ప్రయాణానిది. ఫిబ్రవరిలో డాలస్‌లో సోమవారం సాయంత్రం 6కు విమానం ఎక్కారనుకోండి. లండన్ మీదుగా హైదరాబాద్‌లో బుధవారం తెల్లవారుజామున 4కు దిగుతారు. మధ్యలో మంగళవారం మొత్తం ఆకాశంలోనే పోయినట్టుంటుంది. గడియారం లెక్కన 34 గంటలు. కానీ అప్పటికి డాలస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది కాబట్టి అసలు ప్రయాణం 22న్నర గంటలే. వెళ్ళేటప్పటికంటే రెండు గంటలు తక్కువ, అదే దూరం.

ఎందుకు తక్కువంటే గాలి. భూమి నుంచి 9, 10 కిలోమీటర్లు దాటిన ఎత్తులో పడమర నుంచి తూర్పుకు గాలి ఒక నదిలా ప్రవహిస్తూ ఉంటుంది. జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో అది మరీ బలంగా ఉంటుంది, గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. డాలస్ నుంచి యూరప్ వైపు వచ్చే విమానాలు దాన్ని వెనక నుంచి పట్టుకుంటాయి. వెళ్ళేటప్పుడు దాన్ని తప్పించుకునే దారి వెతుక్కుంటాయి. 2024 ఫిబ్రవరిలో అమెరికా తూర్పు తీరం మీద ఈ గాలి ఎంత ఉధృతంగా వీచిందంటే, ఆ తోపుతో కొన్ని ప్రయాణికుల విమానాలు నేల లెక్కన గంటకు 1,280 కిలోమీటర్లకు పైగా వేగంతో వెళ్ళాయి. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కాబట్టి పడమరకు వెళ్ళే విమానం కిందికి డాలస్ తనంతట తానే రావాలి కదా అని కొందరు వాదిస్తారు. అలా జరగదు. భూమితో పాటు దాని చుట్టూ ఉన్న గాలి, ఆ గాలిలో ఎగిరే విమానం, అన్నీ కలిసే తిరుగుతాయి. ఆ బలమైన గాలుల అంచుల్లో విమానం కాసేపు కుదుపుతుంది. బెల్టు పెట్టుకుని కూర్చుంటే చాలు, అది విమానానికి ప్రమాదం కాదు.

పదిన్నర పదకొండున్నర ఎందుకైందో కూడా తెలుసుకుంటే మీకు అక్కడ ఉపయోగపడుతుంది. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం మళ్ళీ వెనక్కి తిప్పుతారు. మీరు అక్కడ ఉండగానే ఆ మార్పు వస్తుంది, సరిగ్గా కాన్పు నెలలో. అక్టోబరులో ఫ్రిస్కోలో రాత్రి 8 అయితే ఖమ్మంలో ఉదయం ఆరున్నర. నవంబరు మొదటి ఆదివారం తర్వాత అదే రాత్రి 8కి ఖమ్మంలో ఏడున్నర. ఇంటి తాళం చూసుకునేవారికి, ఫోన్ కోసం ఎదురుచూసే మీ అక్కచెల్లెళ్ళకు ఆ తేదీ ముందే చెప్పి ఉంచండి. మీవారి ఇన్సులిన్ టైములు మాత్రం అప్పటికి డాలస్ గడియారానికి అలవాటుపడి ఉంటాయి కాబట్టి ఆ ఒక్క గంట మార్పుకు ఏం చేయాలో కూడా డాక్టరు గారిని ఇప్పుడే అడిగి ఆ కాగితం మీదే రాయించుకోండి. టికెట్ ఈ వారంలోనే తీసుకోమని అల్లుడు గారికి చెప్పండి, ఆలస్యమైతే నడవా పక్క సీట్లు దొరకవు.